ముక్కులో కొట్టుకునే నొప్పి మందులు: పాఠకుల అనుభవాలు, సందేహాలు

పార్శ్వపు తలనొప్పి (మైగ్రేన్) గురించి గత సంచికలో రాసినప్పుడు, వాంతుల వల్ల మాత్ర కడుపులో నిలవనివారికి ముక్కులో కొట్టుకునే స్ప్రే మందులు కూడా ఉన్నాయని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశాను. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు మిగిలిన వ్యాసమంతటికీ రాలేదు. రాసినవారిలో ఎక్కువ మంది ఆ మందు ఎలా పనిచేస్తుందని అడగలేదు. వాడిన తర్వాత తమకు ఏం జరిగిందో వివరంగా చెప్పి, ఇది మామూలేనా, భయపడవలసినదా అని అడిగారు. "ముక్కులో కొట్టుకునే మందుకు ఇంత గొడవ ఏమిటి" అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేశారని నలుగురు రాశారు. ఈ మాటతో నేను ఏకీభవించను. ముక్కు ఆ మందుకు ద్వారం మాత్రమే. లోపలికి వెళ్లాక అది రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది కనుక, దాని మంచీ చెడూ ఆ సీసాలో ఉన్నది ఏ మందు అన్నదానిని బట్టే ఉంటాయి. అందుకే ఈసారి శీర్షికనంతా ఈ విషయానికే కేటాయించి, వచ్చిన ఉత్తరాలలో ఐదింటిని, రాసినవారి పేర్లు తీసివేసి, ప్రచురిస్తున్నాను.

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఉన్నత పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయురాలిని. ఇంటర్ చదివే రోజుల నుంచీ ఎడమ కణతలో మొదలై కంటి వెనక్కి పాకే నొప్పి నెలకు మూడు నాలుగు సార్లు వస్తుంది. మాత్ర వేసుకున్న పది నిమిషాలకే వాంతిలో వెళ్లిపోతుంది. నాలుగు నెలల క్రితం నరాల వైద్యుడు సుమాట్రిప్టాన్ 20 మిల్లీగ్రాముల స్ప్రే రాశారు. నొప్పి గంట లోపల తగ్గుతున్న మాట నిజమే కానీ, కొట్టుకున్న వెంటనే కాకరకాయ రసం గొంతులో పోసినట్టు చేదు దిగుతుంది. ఒకసారి ఆ చేదుకే వాంతి అయింది. మూడవసారి వాడినప్పుడు మెడ, దవడ బిగుసుకుపోయి, ఛాతీ మీద రుబ్బురోలు పెట్టినట్టు బరువుగా అనిపించింది. ఇరవై నిమిషాల్లో అదే పోయింది. మా అత్తగారు అది గుండెకు తగిలే మందని, వెంటనే మానెయ్యమని పోరుతున్నారు. వైద్యుడిని అడిగితే "ఆ మందుకు అంతేనమ్మా" అని ఒక్క మాటలో తేల్చేశారు. వాడాలా, మానాలా?
(ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: అమ్మా, మీరు చెప్పిన రెండు బాధలూ ఒక కోవకు చెందినవి కావు. మొదటిది చిరాకు పెట్టేది, రెండవది పరీక్ష చేయించుకోవలసినది. మీ వైద్యుడు రెండింటికీ కలిపి ఒకే మాట చెప్పడం సరికాదని నేను అనుకుంటున్నాను.

చేదు సంగతి ముందు చూద్దాం. ఈ మందు 1997లో అమెరికాలో స్ప్రేగా అనుమతి పొందినప్పటి పరీక్షలలోనే, 20 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవారిలో నూటికి దాదాపు 24 మంది నోటిలో చెడ్డ రుచి గురించి ఫిర్యాదు చేశారు. మందు లేని ఉత్త స్ప్రే కొట్టుకున్నవారిలో ఆ మాట చెప్పినవారు నూటికి ఇద్దరు కూడా లేరు. అంటే చేదు మీ భ్రమ కాదు, మీ ఒక్కరికే వచ్చినదీ కాదు. కాకపోతే, చేదు ఎంత తెలుస్తుందన్నది మందు ముక్కులో ఎంత నిలిచింది, గొంతులోకి ఎంత జారింది అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ముక్కు రంధ్రం ఒకదానిలో నిలవగలిగే ద్రవం సుమారు 100 మైక్రోలీటర్లు, అంటే రెండు మూడు చుక్కలు మాత్రమే. మనలో చాలామంది ముక్కులో మందు అనగానే పడుకుని, తల పూర్తిగా వెనక్కి వేలాడేసి, కొట్టుకున్న మరుక్షణం నశ్యం పీల్చినట్టు గట్టిగా ఎగబీలుస్తారు. అలా చేస్తే మందు పట్టవలసిన పొర మీద నిలవకుండా నేరుగా గొంతులోకి దిగిపోతుంది. దాంతో చేదు పెరుగుతుంది, పని తగ్గుతుంది.

కూర్చుని, ముక్కు చీది శుభ్రం చేసుకుని, తల నిటారుగా ఉంచండి. ఒక రంధ్రాన్ని వేలితో మూసి, రెండవ దానిలోకి గొట్టం కొనను అరంగుళం మేర పెట్టి, కొన ముక్కు మధ్య గోడ వైపు కాకుండా అదే వైపు చెవి దిశగా ఉండేట్టు చూసుకోండి. నెమ్మదిగా శ్వాస లోపలికి తీసుకుంటూ నొక్కండి. తర్వాత పది నుంచి ఇరవై సెకన్ల పాటు తల కదపకుండా, ముక్కుతో మెల్లగా పీల్చి నోటితో వదలండి. గొంతులోకి జారినట్టు అనిపిస్తే ఒక పటికబెల్లం ముక్క చప్పరించండి. ఈ స్ప్రే చాలావరకు ఒక్క నొక్కుకు సరిపడేట్టే తయారవుతుంది కనుక, పనిచేస్తుందో లేదో చూద్దామని గాలిలో నొక్కి చూడకండి. ఆ ఒక్క మోతాదూ పోతుంది.

ఇక ఛాతీ బరువు. సుమాట్రిప్టాన్, దాని కుటుంబంలోని మందులన్నీ మెదడు పొరలలో ఉబ్బిన రక్తనాళాలను ముడుచుకునేట్టు చేస్తాయి. ఆ ముడుచుకునే గుణం కొద్దిగా గుండె రక్తనాళాల మీద కూడా పడుతుంది. మెడ, దవడ, ఛాతీ బిగుసుకుపోయినట్టు ఉండటం ఈ మందులన్నింటికీ తెలిసిన ప్రభావమే. ఎక్కువ మందిలో అది గుండెకు సంబంధించినది కాదు, కాసేపట్లో పోతుంది. అయితే "ఎక్కువ మందిలో" అన్న మాట మీకు వర్తిస్తుందని ఎవరూ చూడకుండా అనలేరు. గుండె రక్తనాళాలలో అడ్డంకి ఉన్నవారు, పక్షవాతం వచ్చినవారు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు ఈ మందును వాడనే కూడదు. మీకు రక్తపోటు, మధుమేహం ఉన్నాయా, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారు ఉన్నారా అన్నది మీరు రాయలేదు. కనుక తదుపరి మోతాదు వాడే ముందే రక్తపోటు, చక్కెర, కొవ్వు పరీక్షలతో పాటు ఈసీజీ తీయించుకుని, ఈ ఛాతీ బరువు సంగతి మీ ఉత్తరంలో ఉన్నంత వివరంగా వైద్యుడికి చెప్పండి. పరీక్షలలో అనుమానానికి తావుంటే, మరుసటి మోతాదు ఆసుపత్రిలో ఈసీజీ పెట్టి ఇప్పించుకోవడం కూడా పద్ధతే. అన్నీ సవ్యంగా ఉంటే మందు కొనసాగించవచ్చు. మీ అత్తగారి భయం అర్థంలేనిదని నేను అనను, ఆమె సరైన ప్రశ్నే అడిగారు. దానికి జవాబు ఆ పరీక్షలు చెప్పాలి.

ఎప్పుడైనా ఆ బరువు పావుగంట దాటినా తగ్గకపోయినా, ఎడమ చేతిలోకి పాకినా, చెమటలు పట్టినా, ఊపిరి అందకపోయినా ఇంట్లో కూర్చుని చర్చించవద్దు, 108కి ఫోన్ చేయండి.

ఒక మోతాదుతో తగ్గి మళ్లీ తలనొప్పి తిరగబెడితే కనీసం రెండు గంటలు ఆగి రెండవది వాడవచ్చు. 24 గంటలలో 40 మిల్లీగ్రాములు దాటకూడదు. మొదటిది అసలు పనిచేయకపోతే అదే నొప్పికి రెండవది కొట్టుకున్నంత మాత్రాన ప్రయోజనం పెద్దగా ఉండదు. ఎర్గోటమైన్ ఉన్న పాత తలనొప్పి మాత్రలు ఇంట్లో ఉంటే, ఈ స్ప్రే వాడిన 24 గంటలలోపు వాటి జోలికి పోకండి. రెండూ రక్తనాళాలను ముడిచేవే.

ప్రశ్న: నాకు తలనొప్పి వచ్చినప్పుడల్లా మందుల దుకాణంలో జలుబు స్ప్రే కొని వాడుతున్నాను. నెల రోజులుగా రోజూ రెండు పూటలా కొడుతున్నా ముక్కు దిబ్బడ పోకపోగా ఎక్కువైంది. మరింత బలమైన స్ప్రే ఏదైనా చెప్పండి.
(ఒక విద్యార్థి, కరీంనగర్)

జవాబు: బాబూ, మీరు వాడుతున్నది నొప్పి మందు కాదు. ముక్కు పొరల వాపు తగ్గించే ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ వంటి స్ప్రేలు మూడు నాలుగు రోజులకు మించి వాడితే, మందు ప్రభావం తగ్గగానే పొరలు మునుపటి కంటే ఎక్కువ ఉబ్బుతాయి. మీ దిబ్బడకు కారణం ఇప్పుడు ఆ స్ప్రేయే కావచ్చు. దానిని ఆపండి. నాలుగైదు రోజులు ఇబ్బంది పడతారు, ఉప్పునీటి స్ప్రే ఆ రోజులు గడపడానికి సాయపడుతుంది. తలనొప్పి సైనస్ వల్లనే అని మీ అంతట మీరు నిర్ణయించుకోకుండా ఒకసారి వైద్యుడికి చూపించుకోండి. సైనస్ అనుకున్న తలనొప్పులలో చాలా వాటికి అసలు పేరు మైగ్రేన్.

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. 1993లో పెళ్లయ్యాక అమెరికా వెళ్లి, పద్దెనిమిదేళ్లు అక్కడ ఉండి, తిరిగి వచ్చాను. అక్కడ ఉన్నప్పుడు, 1995లో అనుకుంటాను, తలనొప్పికి ఒక వైద్యుడు బ్యుటోర్ఫనాల్ అనే స్ప్రే రాశాడు. అలవాటు పడే మందు కాదని, నిశ్చింతగా వాడుకోమని చెప్పాడు. మొదటిసారి కొట్టుకున్నప్పుడు నొప్పి పోయింది కానీ నేలకు జానెడు ఎత్తున తేలుతున్నట్టు, నా చేతులు నావి కానట్టు అనిపించి భయపడ్డాను. మధ్యాహ్నం నిద్రపోతే చీకటి పడేదాకా లేవలేదు. పాప ఏడుస్తున్నా వినబడలేదట. అయినా నొప్పికి తాళలేక వాడాను. మొదట నెలకొక సీసా, తర్వాత వారానికొకటి, చివరికి మూడు రోజులకొకటి అయింది. మందు వేళ తప్పితే చెమటలు, వణుకు, విరేచనాలు, రాత్రంతా జాగారం. తలనొప్పి మాత్రం రోజూ వచ్చేది. రెండేళ్లకు మరొక వైద్యురాలి దగ్గర ఆరు వారాలు కష్టపడి మానగలిగాను. మా వారు ఇప్పటికీ "నీకు మనోనిబ్బరం తక్కువ" అంటారు. నా కూతురికి కూడా మైగ్రేన్. ఆమెకు ఇప్పుడు సుమాట్రిప్టాన్ స్ప్రే రాశారు. పేరు వినగానే నాకు గుండె దడ పుట్టింది. అప్పుడు నాకు జరిగింది నా బలహీనతేనా? నా బిడ్డకూ అలాగే అవుతుందా?
(ఒక పాఠకురాలు, హైదరాబాదు)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందుగా మీ మొదటి ప్రశ్నకు జవాబు: కాదు. మీకు జరిగింది ఆ మందు గుణం.

బ్యుటోర్ఫనాల్ నల్లమందు కుటుంబానికి దూరపు బంధువు. 1978 నుంచి అమెరికాలో సూదిమందుగా ఉన్నది. ఆసుపత్రిలో, నర్సు చేతి మీదుగా, ఒకటి రెండు మోతాదులుగా ఇచ్చే మందు కనుక అప్పట్లో వ్యసనం సంగతి పెద్దగా బయటపడలేదు. నల్లమందు నుంచి వచ్చే మార్ఫిన్ మెదడులో పట్టుకుని పనిచేసే చోట్లను ద్వారాలు అనుకుంటే, వాటి దగ్గర ఇది కొంత తెరిచి కొంత మూసే మందు, వేరొక రకం ద్వారాల దగ్గర మాత్రం బలంగా పనిచేసేది. కనుక దీనికి అలవాటు పడటం తక్కువని ఆ రోజుల్లో భావించారు. ఆ భావనతోనే 1991లో దీనిని స్ప్రే రూపంలో, నియంత్రిత మందుల (అంటే అలవాటు పడే ప్రమాదం ఉన్నందున ప్రభుత్వం ఆంక్షలు పెట్టే మందుల) జాబితాలో చేర్చకుండానే, అనుమతించారు. ఆసుపత్రి గది నుంచి మందు ఇంటి అలమరలోకి వచ్చింది. మార్పు సూది నుంచి స్ప్రేకు మాత్రమే కాదు, మోతాదును లెక్కించేవారు కూడా మారారు. ఒక సీసాలో పద్నాలుగు పదిహేను నొక్కులు, నొక్కుకు ఒక మిల్లీగ్రాము. మూడు రోజులకొక సీసా అంటే మీరు రోజుకు నాలుగైదు నొక్కుల దాకా వచ్చారన్నమాట. 1997 అక్టోబరు చివరన అమెరికా ప్రభుత్వం దానిని నియంత్రిత మందుల నాలుగవ పట్టికలో, ఆందోళన తగ్గించడానికి ఇచ్చే డయాజిపామ్ ఉన్న పట్టికలోనే, చేర్చింది. మీ వైద్యుడు 1995లో "అలవాటు పడే మందు కాదు" అన్నది ఆనాడు చాలామంది వైద్యులు నమ్మిన మాట. ఆ నమ్మకం తప్పని తేలడానికి మీలాంటివారు పడిన బాధే ఆధారమైంది. ఈ మాట మీ వారికి కూడా చదివి వినిపించండి.

మీరు చెప్పిన ఒక్కొక్క లక్షణానికీ ఆ మందు గుణంలో చోటుంది. ఆ మందుతో వచ్చే సమాచార పత్రంలోనే, వాడినవారిలో నూటికి 43 మందికి మగత, 19 మందికి తల తిరగడం, 13 మందికి వికారం లేదా వాంతులు కలిగినట్టు రాసి ఉంటుంది. చాలాకాలం ముక్కు ద్వారా వాడినవారిలో నూటికి 13 మందికి ముక్కు దిబ్బడ, 11 మందికి నిద్ర పట్టకపోవడం కనిపించాయి. నేల మీద ఆననట్టు తేలిపోవడం, ఒళ్లు తనది కానట్టు ఉండటం ఆ మందు బలంగా పట్టే రెండవ రకం ద్వారాల పని. కొందరికి అది మత్తులా సుఖంగా కాక, భయంగా, దిగులుగా ఉంటుంది. మందు వేళ తప్పినప్పుడు పట్టిన చెమటలు, వణుకు, విరేచనాలు, నిద్రలేమి ఒళ్లు ఆ మందుకు అలవాటు పడిందనడానికి గుర్తులు. మనోనిబ్బరానికీ వాటికీ సంబంధం లేదు. ఎంత నిబ్బరం కలవారికైనా అదే మందును అన్ని రోజులు ఇస్తే వారి ఒళ్లూ అలాగే స్పందిస్తుంది.

తలనొప్పి రోజూ రావడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇది మీ కూతురికి కూడా పనికివస్తుంది. మైగ్రేన్ ఉన్నవారు నల్లమందు జాతి మందులు గాని, సుమాట్రిప్టాన్ వంటి ట్రిప్టాన్ జాతి మందులు గాని నెలకు 10 రోజులు, అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడితే ఆ మందే తలనొప్పిని పుట్టించడం మొదలుపెడుతుంది. మామూలు పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ వంటివాటికి ఆ హద్దు నెలకు 15 రోజులు. నొప్పికి మందు, మందుకు నొప్పి అన్న ఈ గానుగలో ఎద్దులా తిరిగినవారు ఎంతోమంది నా దగ్గరకు వచ్చారు. వారిలో దాదాపు అందరూ మందు ఇంకా బలంగా ఇవ్వమని అడిగినవారే.

ఇక మీ అమ్మాయి సంగతి. సుమాట్రిప్టాన్ నల్లమందు కుటుంబానికి చెందినది కాదు. రెండూ స్ప్రే సీసాలో రావడం తప్ప వాటి మధ్య పోలిక లేదు. దానికి మీకు జరిగినట్టు తేలిపోవడం, మానితే వణుకు పుట్టడం వంటివి ఉండవు. ఉన్న ప్రమాదాలు వేరు, వాటిని తెనాలి సోదరికి రాసిన జవాబులో చెప్పాను. మీ అమ్మాయి చేయవలసిందల్లా స్ప్రే వాడిన ప్రతి రోజునూ గోడ మీది క్యాలెండరులో గీత పెట్టి గుర్తించడం. నెలకు ఎనిమిది గీతలు దాటుతున్నాయంటే పదికి చేరేదాకా ఆగకుండా వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. అలాంటివారికి నొప్పి వచ్చాక వాడే మందు కంటే, రాకుండా రోజూ వేసుకునే నివారణ మందులు మేలు చేస్తాయి. ప్రొప్రనలాల్, టోపిరమేట్, అమిట్రిప్టిలిన్ వంటివి మన ఊళ్లలోనే తక్కువ ఖర్చుకు దొరుకుతాయి. వాటిలో ఏది సరిపోతుందో ఆమె రక్తపోటు, బరువు, గర్భధారణ ఆలోచనలను బట్టి వైద్యుడు నిర్ణయిస్తారు. గర్భధారణ ఆలోచన ఉంటే ముందే చెప్పాలి. టోపిరమేట్ గర్భంలోని బిడ్డకు హాని చేయగలదు.

మీరు బ్యుటోర్ఫనాల్ వాడిన చరిత్రను ఇకముందు ఏ వైద్యుడి దగ్గరా దాచకండి. ఏ శస్త్రచికిత్సకైనా వెళ్లవలసి వస్తే మత్తుమందు ఇచ్చే వైద్యుడికి అది ముఖ్యమైన సమాచారం. మీరు సిగ్గుపడవలసినది అందులో ఏమీ లేదు.

ప్రశ్న: మా అమ్మగారికి 74 ఏళ్లు. పెరట్లో జారిపడితే వెన్నుపూస ఒకటి నలిగింది. ఎముకల వైద్యుడు కాల్సిటోనిన్ స్ప్రే రోజుకొకసారి కొట్టమన్నారు. మూడవ వారానికి నడుము నొప్పి చాలా తగ్గింది. కాని ముక్కు లోపల చెక్కు కట్టి, రెండుసార్లు రక్తం వచ్చింది. ఈ మందు వాడితే క్యాన్సరు వస్తుందని బంధువు ఒకరు చెప్పారు. అమ్మ భయపడి మానేశారు.
(ఒక పాఠకురాలు, కాకినాడ)

జవాబు: కాల్సిటోనిన్ ఎముకల అరుగుదలను తగ్గించే హార్మోను. స్ప్రేలో ఉండేది సాల్మన్ చేపలోని హార్మోనును పోలినది. వెన్నుపూస కొత్తగా నలిగినప్పటి నొప్పిని ఇది తగ్గిస్తుందన్న అనుభవం వైద్యులకు చాలాకాలంగా ఉంది, మీ అమ్మగారికీ అలాగే జరిగినట్టుంది. ముక్కులో మంట, చెక్కు కట్టడం, దిబ్బడ దీనితో మామూలుగా కనిపించేవి. నూటికి ముగ్గురు నలుగురికి ముక్కు నుంచి రక్తం కూడా వస్తుంది. రోజూ ఒకే రంధ్రంలో కొట్టారేమో చూడండి. ఒక రోజు కుడివైపు, మరునాడు ఎడమవైపు కొట్టాలి. ఈ సంగతి చీటీలో రాసి ఉన్నా మనవాళ్లు గమనించరు. రక్తం వచ్చాక మాత్రం చెవి, ముక్కు, గొంతు వైద్యుడు లోపల పుండు ఏర్పడిందేమో దీపం వేసి చూడాలి. పుండు ఉంటే అది మానేదాకా మందు ఆపవలసిందే. తెరవని సీసాను ఫ్రిజ్‌లో, తెరిచినదాన్ని బయట గది వేడిమిలో నిలబెట్టి ఉంచాలి. చల్లటి మందును కొడితే ముక్కుకు ఇబ్బంది ఎక్కువవుతుంది.

మీ బంధువు మాట పూర్తిగా కల్పితం కాదు. దీర్ఘకాలం వాడిన పరీక్షలను 21 కలిపి చూసినప్పుడు, మందు తీసుకున్నవారిలో నూటికి 4.1 మందికి, తీసుకోనివారిలో నూటికి 2.9 మందికి ఏదో ఒక క్యాన్సరు కనబడింది. ఆ కారణంగానే ఐరోపా మందుల సంస్థ 2012లో, ఎముకల గుల్లతనానికి ఈ స్ప్రేను ఇక వాడవద్దని చెప్పింది. అయితే ఆ లెక్కలు నెలలు, సంవత్సరాలు వాడినవారివి. మూడు వారాల వాడకంతో వాటిని సమానం చేయలేము. మూడు వారాలకు నొప్పి తగ్గింది కనుక ఇక దీనిని కొనసాగించవలసిన అవసరం ఉందా అని ఎముకల వైద్యుడిని అడగండి. నన్ను అడిగితే, ఆపి, ఎముక బలానికి వేరే మందులు మొదలుపెట్టమనే చెబుతాను. అమ్మగారి భయాన్ని విని, ఈ లెక్క విప్పి చెప్పండి. పెద్దవారికి చెప్పినా అర్థం కాదని మనం అనుకుంటాము. మూడు వారాలకు, మూడేళ్లకు తేడా వారికి మనకంటే బాగా తెలుసు.

ప్రశ్న: మా నాన్నగారు, 67 ఏళ్లు, మమ్మల్ని చూడటానికి డల్లాస్ వచ్చి, ఇక్కడే హెర్నియా శస్త్రచికిత్స చేయించుకోవలసి వచ్చింది. ఇంటికి పంపేటప్పుడు కెటోరోలాక్ స్ప్రే ఇచ్చారు. రెండు రంధ్రాల్లోనూ కొట్టుకున్నారు. ముక్కు భగ్గుమని మండి, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. మోకాళ్ల నొప్పులకు ఊరి నుంచి తెచ్చుకున్న డైక్లోఫినాక్ మాత్రలు కూడా వేసుకుంటున్నారు. గుండెకు చిన్న ఆస్పిరిన్ ఎప్పటినుంచో ఉంది. నిన్నటి నుంచి విరేచనం నల్లగా వెళుతోందన్నారు. సీసాలో మందు మిగిలి ఉంది, ఎన్ని రోజులు వాడవచ్చు?
(ఒక పాఠకుడు, అమెరికా)

జవాబు: ఈ ఉత్తరం చదివిన గంటలోనే మీకు ఫోన్ చేసి, స్ప్రే, డైక్లోఫినాక్ రెండూ ఆపి నాన్నగారిని అత్యవసర విభాగానికి తీసుకువెళ్లమని చెప్పాను. కడుపులో పుండు నుంచి రక్తం కారుతున్నట్టు అక్కడ తేలిందని, సకాలంలో వైద్యం అంది కోలుకుంటున్నారని మీరు తెలియజేశారు. మీ అనుమతితోనే ఇతరుల కోసం దీనిని ప్రచురిస్తున్నాను.

ముక్కు మంట, కన్నీళ్లు ఈ మందుకు తెలిసినవే. పరీక్షలలో నూటికి 15 మందికి ముక్కులో ఇబ్బంది, 13 మందికి ముక్కు నొప్పి, 5గురికి కళ్ల నీళ్లు వచ్చాయి. అవి ఆందోళన పడవలసినవి కావు. ఆందోళన పడవలసినదానికి మంట ఉండదు. కెటోరోలాక్, డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ఒకే ఇంటి మందులు. కడుపు పొరను, మూత్రపిండాలను దెబ్బతీసే గుణం వాటన్నిటిలోనూ ఉంది, రెండు కలిస్తే ప్రమాదం పెరుగుతుంది. ఒకటి ముక్కులో నుంచి, ఒకటి నోటి నుంచి వెళుతున్నాయి కనుక రెండూ వేరువేరు అనుకోవడమే ఇక్కడ జరిగిన పొరపాటు. ముక్కులో నుంచి వెళ్లినది కడుపుకు తగలదనుకోవడం చాలామందిలో చూశాను. అది రక్తంలో నుంచి తిరిగి వచ్చి కడుపు పొరను పలచబరుస్తుంది.

65 ఏళ్లు నిండినవారు, 50 కిలోల కంటే తక్కువ బరువు ఉన్నవారు, మూత్రపిండాల లోపం ఉన్నవారు ఈ స్ప్రేను ఒక్క రంధ్రంలో మాత్రమే, ఒక్కసారే, అంటే 15.75 మిల్లీగ్రాములు, ఆరు నుంచి ఎనిమిది గంటలకొకసారి కొట్టుకోవాలి. రెండు రంధ్రాలు చిన్న వయసువారికి. ఏ రూపంలోనైనా కెటోరోలాక్ మొత్తం ఐదు రోజులు దాటకూడదు, ఆసుపత్రిలో సూదిగా ఇచ్చిన రోజులు కూడా ఆ ఐదులోనే లెక్క. సీసా తెరిచిన 24 గంటల తర్వాత మందు మిగిలినా పారవేయాలి. మిగిలింది కదా అని దాచుకునే మందు కాదు ఇది.

పెద్దవారు ఊరి నుంచి సంచిలో ఏ మాత్రలు తెచ్చుకున్నారో అక్కడి వైద్యులకు తెలియదు. అడిగినా "ఏమీ వాడటం లేదు" అనడం మన పెద్దలకు అలవాటు. మోకాళ్ల మాత్ర వారి దృష్టిలో మందు కాదు. కనుక ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ సంచినే వెంట తీసుకువెళ్లి బల్ల మీద పెట్టండి.

ఈ ఐదుగురితో పాటు రాసినవారిలో ముగ్గురు, తమకు కలిగిన ఇబ్బందిని వైద్యుడు పట్టించుకోకపోతే ఇంకెవరికి చెప్పాలని అడిగారు. భారతదేశంలో మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది. ఘజియాబాద్‌లోని భారత ఫార్మకోపియా కమిషన్ దానిని నిర్వహిస్తోంది. వైద్యులే కాదు, రోగి గాని, ఇంటివారు గాని స్వయంగా 1800-180-3024 నంబరుకు, ఖర్చు లేకుండా, పనిదినాలలో ఫోన్ చేసి చెప్పవచ్చు. రోగులు నింపే పత్రం తెలుగులో కూడా ఉంది. చాలా వైద్య కళాశాలల్లో దీనికొక కేంద్రం ఉంటుంది. ఫోన్ చేసేముందు మందు పేరు, పెట్టె మీది బ్యాచ్ నంబరు, కొట్టుకున్న తేదీ, వేళ, ఎన్ని నొక్కులు, ఎంతసేపటికి ఏం అనిపించింది, ఎంతసేపు ఉంది, అదే వారంలో వేసుకున్న మిగతా మందులు ఏవి అన్నవి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఖాళీ సీసాను పారేయకండి.